కోరంటి గడప దగ్గర హక్కులు, బాధ్యతలు

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రభుత్వం మామూలు రోజుల్లో అడగనివన్నీ పౌరుణ్ణి అడుగుతుంది. ఇల్లు కదలొద్దంటుంది, దుకాణం మూయమంటుంది, ఎవరెవరిని కలిశారో చెప్పమంటుంది, ముక్కులోంచి నమూనా ఇవ్వమంటుంది. అవసరమైతే ఇంటివాళ్ల నుంచి విడదీసి వార్డులో ఉంచుతుంది. ఇలాంటి ఆంక్షలు ఏ తప్పూ చేయని మనిషి మీద, జ్వరం వచ్చిందనో జ్వరం ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నాడనో అమలవుతాయి. రాజ్యం పౌరుణ్ణి ఎంతవరకు అడగవచ్చు, బదులుగా ఏమివ్వాలి అన్న ప్రశ్న ఆ రోజుల్లో పుస్తకాల్లోంచి లేచి వచ్చి ఇంటి తలుపు తడుతుంది.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నతో దశాబ్దాలుగా అనుబంధం ఉన్న చోటు నల్లకుంట. అక్కడి ఫీవర్ ఆసుపత్రిని పాత నగరవాసులు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే పిలుస్తారు. 1915లో, నిజాం పాలనలో, క్వారంటైన్ (జనం నోట కోరంటి) ఆసుపత్రిగా మొదలై తర్వాత నల్లకుంటకు మారింది. ఇప్పుడు దాని అధికారిక నామం సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. కంఠసర్పి, ధనుర్వాతం, కుక్కకాటు వల్ల వచ్చే రేబిస్ వంటి జబ్బులతో జిల్లాల నుంచి ఇక్కడికే వస్తారు. 2020 జనవరి చివర్లో, కరోనా అనే మాట ఇంకా కొత్తగా ఉన్నప్పుడు, విదేశాల నుంచి వచ్చిన అనుమానితులను పరిశీలనలో ఉంచింది కూడా ఇక్కడే. అక్కణ్ణుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వైపు వెళితే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది, ఇంకాస్త ముందుకెళితే హబ్సిగూడలో పరిశోధన సంస్థ సీసీఎంబీ. మనిషిని విడిగా ఉంచే వార్డు, జనం రక్తనమూనాలు సేకరించే సంస్థ, ఆ రోజుల్లో కోవిడ్ నమూనాలు పరీక్షించిన ప్రయోగశాల కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. మూడింటిలోనూ పౌరుడి హక్కు ఒక్కో రకంగా పరీక్షకు నిలుస్తుంది.

రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. అదే ఏడాది ఫిబ్రవరి 4న బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. అంతకు ముందు సంవత్సరం బొంబాయిలో మొదలైన ప్లేగు దానికి కారణం. చట్టం పట్టుమని రెండు పేజీలు లేదు. ప్రభుత్వం అవసరమనుకున్న తాత్కాలిక నిబంధనలు పెట్టవచ్చు, కాదన్నవారికి శిక్ష, సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా కుదరదు. సారాంశమంతా ఇదే. ఎన్ని రోజులు ఉంచవచ్చు, ఉంచినంతకాలం తిండి ఎవరు పెట్టాలి, పొరపాటున పట్టుకుపోతే ఎవరికి మొరపెట్టుకోవాలి అన్న ముక్క ఒక్కటి లేదు. పుణెలో సైనికులు ఇళ్లలోకి జొరబడి రోగుల కోసం సోదాలు చేశారు. జనాగ్రహం ఎంతదాకా వెళ్లిందంటే, ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. పత్రికా రచనలకు గాను జాతీయ నాయకుడు తిలక్‌కు రాజద్రోహం కింద 18 నెలల శిక్ష పడింది. ఆనాటి జనం ప్రజలే కానీ పౌరులు కారు. అడగడానికి వారికి రాజ్యాంగం లేదు.

విచారకరమైన సంగతేమిటంటే ఆ చట్టం ఇవాళ్టికీ అమల్లో ఉంది. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు తెచ్చింది దీని కిందే. మారిందల్లా దాని చుట్టూ ఉన్న నేల. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చాక పాత చట్టంలోని ప్రతి అధికారమూ ప్రాథమిక హక్కుల గడప దాటి రావలసిందే. దేశమంతటా తిరిగే స్వేచ్ఛ 19వ అధికరణం ఇచ్చింది. సాధారణ ప్రజల ప్రయోజనం కోసం దాని మీద ఆంక్ష పెట్టవచ్చని అదే అధికరణం ఒప్పుకుంది. అయితే ఆ ఆంక్ష సహేతుకంగా ఉండాలి. 14వ అధికరణం మనిషికీ మనిషికీ తేడా చూపొద్దంది. 21వ అధికరణం ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చింది. ప్రజారోగ్యం మెరుగుపరచడం రాజ్యం ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని 47వ అధికరణం చెప్పింది.

ఆంక్ష సహేతుకమా కాదా అని తేల్చడానికి సుప్రీంకోర్టు కొన్ని కొలతలు ఏర్పరచింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో అవి బాగా కనిపిస్తాయి. ఆంక్షకు చట్టం ఆధారంగా ఉందా? న్యాయమైన ఉద్దేశం ఉందా? ఆ ఉద్దేశానికి ఎంత అవసరమో అంతే ఉందా, మించిపోయిందా? వీధిలో ఒక ఇంట్లో రోగి ఉంటే ఆ ఇంటిని పద్నాలుగు రోజులు వేరుగా ఉంచడం ఈ కొలతకు తూగుతుంది. ఊరి చుట్టూ ముళ్లకంపలు వేసి గర్భిణిని కూడా ఆసుపత్రికి వెళ్లనివ్వకపోవడం తూగదు.

అత్యవసర పరిస్థితి కదా, అప్పుడు హక్కులేమిటి అన్న మాట ఆ రోజుల్లో తరచూ వినిపించింది. కోవిడ్ కాలంలో రాజ్యాంగబద్ధమైన అత్యవసర పరిస్థితి ప్రకటించనే లేదు. ప్రకటించినా, 1978 నాటి 44వ సవరణ తర్వాత, 20, 21 అధికరణాల అమలును నిలిపేసే వీలు లేదు. కోవిడ్ సాకుతో కార్మికుల చేత ఓవర్‌టైమ్ రేటు చెల్లించకుండా అదనపు గంటలు పనిచేయించుకోవచ్చని గుజరాత్ ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్లను 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. మహమ్మారి భారం కూలివాడి భుజం మీదికి నెట్టడం కుదరదన్నది ఆ తీర్పు సారం.

పౌరుడు చేయాల్సింది

రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. 1976లో 42వ సవరణతో పది విధులు చేరాయి, 2002లో పిల్లల చదువుకు సంబంధించి పదకొండోది వచ్చింది. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం వాటిలో ఒకటి. వీటిని పాటించలేదని నేరుగా ఎవరినీ శిక్షించలేరు. శిక్ష పడే బాధ్యత వేరే చట్టంలో రాసి ఉండాలి.

అలాంటి రాత భారతీయ న్యాయ సంహితలో ఉంది. ప్రాణాంతక వ్యాధి వ్యాపించేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే 271వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, దురుద్దేశంతో చేస్తే 272 కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. క్వారంటైన్ నిబంధనను తెలిసీ ఉల్లంఘిస్తే 273వ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జులై 1కి ముందు ఇవే ఐపీసీలో 269, 270, 271 సెక్షన్లు. అధికారి ఆజ్ఞను ధిక్కరించడం పాత 188, ఇప్పటి 223. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 51వ సెక్షన్ మరొకటి. 2021లో తెలంగాణలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా వేసింది ఈ విపత్తు చట్టం ఆధారంగానే.

ఈ బాధ్యత ఎంత అవసరమో 2020 మార్చి 21 ఉదయం ఒక రైల్లో కనిపించింది. సికింద్రాబాద్‌లో రాజధాని ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ఢిల్లీ దంపతుల్లో భర్త చేతి మీద ఇంట్లోనే ఉండాలన్న ముద్ర ఉంది. చేతులు కడుక్కుంటుండగా తోటి ప్రయాణికుల కంటబడింది. కాజీపేటలో రైలు ఆపి ఇద్దర్నీ దించి ఆసుపత్రికి తరలించారు, బోగీని శుద్ధి చేశారు. ఏసీ బోగీలో ఆ జంట పక్కన కూర్చున్నవాళ్లకూ 21వ అధికరణం ఉంది. ఒకరి తిరిగే స్వేచ్ఛ మరొకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు రాజ్యం మధ్యలోకి రావడం తప్పు కాదు, రాకపోవడమే తప్పు.

అయితే రాజ్యం వచ్చే తీరుకీ హద్దు ఉంది. ఆజ్ఞ ధిక్కరించిన నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు ఉండాలి. వీధిలోనే విచారణ, వీధిలోనే శిక్ష చట్టంలో లేవు. లాక్‌డౌన్ రోజుల్లో మందులకు వెళ్లిన మనిషికి పడిన లాఠీ దెబ్బ, నడిరోడ్డు మీద తీయించిన గుంజిళ్లు ఏ సెక్షన్ కిందా శిక్షలు కావు. వాటిని వార్తల్లో చూసి నవ్వుకున్నవాళ్లు చాలామందే. అక్కడ అవమానం పాలైంది ఒక పౌరుడన్న సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

వైద్య సిబ్బంది విషయంలో బాధ్యత మరింత కఠినం, అది న్యాయమే. 2020 ఏప్రిల్ 1న గాంధీ ఆసుపత్రిలో రోగి మరణించాక బంధువులు డాక్టర్ మీద దాడి చేశారు. దేశంలో ఇలాంటివి వరసగా జరగడంతో కేంద్రం ఏప్రిల్ 22న ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబరులో అది చట్టసవరణ అయింది. అంటువ్యాధి కాలంలో వైద్య సిబ్బందిపై హింసకు మూడు నెలల నుంచి ఐదేళ్లు, తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు జైలు. దర్యాప్తు 30 రోజుల్లో ముగియాలి. 1897 చట్టానికి ఇంతకాలానికి జరిగిన ఈ పెద్ద సవరణ కూడా వైద్యుణ్ణి కాపాడింది కానీ, రోగి హక్కుల జాబితాను మాత్రం చేర్చలేదు.

ప్రభుత్వం బాకీ

ఇంట్లో ఉండమన్న ప్రభుత్వం పరీక్ష, పడక, తిండి, సమాచారం ఇవ్వాలి. ఈ బాకీ వసూలుకు 2020, 2021లలో తెలంగాణ హైకోర్టు చాలా శ్రమపడింది. మొదట్లో రాష్ట్రంలో కోవిడ్ పరీక్షలు, చికిత్స ప్రభుత్వం నిర్దేశించిన ఆసుపత్రులకే పరిమితమయ్యాయి. ప్రైవేటులో డబ్బు కట్టి చేయించుకోగలిగినవాళ్లకూ అనుమతి లేదు. 2020 మే 20న హైకోర్టు ఈ కట్టడి చెల్లదంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆమోదించిన ప్రైవేటు ప్రయోగశాలలో పరీక్ష, అర్హత ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స ఎంచుకునే హక్కు పౌరుడికి ఉందని తేల్చింది. కేసుల లెక్కలు దాచకుండా బులెటిన్లలో సరిగా ప్రకటించాలని కూడా ఆ తర్వాత పలుమార్లు ఆదేశించింది. ముప్పు ఎంత ఉందో చెప్పకుండా జాగ్రత్తగా ఉండమంటే పౌరుడు ఏ లెక్కన జాగ్రత్తపడాలి?

కూలివాళ్ల విషయంలో బాకీ ఇంకా పెద్దది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ నిర్మాణ పనుల్లో ఉన్న వలస కార్మికులు జీతాల కోసం, ఇంటికి పంపమని 2020 ఏప్రిల్ చివర్లో ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1200 మందితో రైలు బయల్దేరింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. లాక్‌డౌన్ మొదలై అప్పటికి అయిదు వారాలు. వలస కార్మికుల దగ్గర రైలు, బస్సు చార్జీలు వసూలు చేయరాదని, ప్రయాణంలో తిండీ నీళ్లూ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది మే 28న. అప్పటికే ఎంతోమంది నడిచి వెళ్లిపోయారు. ఆలస్యంగా అందిన హక్కు విలువ ఎంతో ఆ నడిచినవాళ్లకే తెలుసు.

రెండో దశలో, 2021 మే నెలలో, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను కర్నూలు వైపు పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, కోదాడ వైపు రామాపురం దగ్గర తెలంగాణ పోలీసులు ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైందన్న రుజువు, కంట్రోల్ రూమ్ అనుమతి ఉంటేనే రానిస్తామన్నారు. హైదరాబాద్‌లో పడకలు చాలడం లేదన్న ప్రభుత్వ ఆందోళన అబద్ధం కాదు. కానీ ఆక్సిజన్ మీద ఉన్న రోగిని సరిహద్దులో నిలబెట్టే అధికారం ఏ చట్టం ఇచ్చింది? రాష్ట్రాల మధ్య క్వారంటైన్ అన్నది రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 81వ అంశం, రాష్ట్రం చేతిలోది కాదు. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపేసింది. అప్పటికి ఏడేళ్ల కిందటిదాకా ఒకే రాష్ట్రంగా ఉన్న రెండు చోట్ల మధ్య, చికిత్స కోసం వచ్చే హక్కు ఓటరు కార్డు మీది చిరునామా చూసి మారదని తేలింది.

ఈ వాదనలకు పునాది పాతదే. అత్యవసర చికిత్స నిరాకరించకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులో, పడకల్లేవన్న సాకుతో ప్రభుత్వ ఆసుపత్రులు తప్పించుకోలేవని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విపత్తు చట్టం ప్రకారం మృతుల కుటుంబాలకు సాయం నిర్ణయించడం ప్రభుత్వ విధి అని 2021 జూన్ 30న అన్నది కూడా సుప్రీంకోర్టే. ఆ తర్వాత కోవిడ్ మృతుల కుటుంబానికి 50 వేల రూపాయలు ఖాయమయ్యాయి. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని రాయనంత మాత్రాన సాయం నిరాకరించరాదని కూడా కోర్టు స్పష్టం చేసింది.

శరీరం, పేరు

తార్నాక దగ్గరి పోషకాహార సంస్థ 2020 మేలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల్లో జనం రక్తనమూనాలు తీసుకుంది. వైరస్ ఎంతమందికి తెలియకుండా సోకి పోయిందో కనుక్కోవడానికి చేసిన జాతీయ సర్వేలో అది భాగం. ఒక్కో జిల్లాలో 400 మంది. ఇష్టపడినవారి దగ్గరే, వివరం చెప్పి, సమ్మతి తీసుకునే ఇలాంటి సర్వే చేస్తారు. వద్దన్నవారిని బలవంతపెట్టరు. అనుమానిత రోగిని పరీక్షకు రమ్మన్నప్పుడు మాత్రం వెనక ఆజ్ఞ ఉంటుంది. సూది ఒకటే అయినా ఒకచోట పౌరుడు ఇచ్చేవాడు, మరోచోట లోబడేవాడు. ఈ తేడాను అధికారులు, సిబ్బంది, జనం ముగ్గురూ గుర్తుంచుకోవాలి.

టీకా ఈ రెండింటి మధ్య పడింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, శరీరం మీద హక్కు 21వ అధికరణంలో భాగమని 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ టీకా విధానాన్ని మాత్రం తప్పుపట్టలేదు. వ్యాప్తిని అడ్డుకోవడానికి సమంజసమైన షరతులు పెట్టవచ్చనీ అంది. అమెరికాలో 1905లో, మశూచి టీకా వేయించుకోనన్న వ్యక్తికి విధించిన అయిదు డాలర్ల జరిమానాను అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ కూడా పట్టి సూది గుచ్చమనలేదు, జరిమానా దగ్గరే ఆగింది.

పేరు బయటపెట్టడం సూదికంటే లోతైన గాయం చేస్తుంది. కోవిడ్ ఇళ్ల తలుపులకు అంటించిన పోస్టర్లు వైరస్ పోయినా వీధివాళ్ల చూపుల్లోంచి పోలేదు. విపత్తు చట్టం కింద సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలాంటి పోస్టర్లు వేయరాదని 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది. హెచ్ఐవి విషయంలో ఈ రక్షణ చట్టంలోనే ఉంది. 2017 నాటి చట్టం, 2018 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చి, సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్నీ, స్థితిని బయటపెట్టడాన్నీ నిషేధించింది.

క్షయ విషయంలో హక్కూ బాధ్యతా ఒకే చోట కనిపిస్తాయి. 2012 నుంచి ప్రతి క్షయ రోగి వివరాన్నీ ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలపాలి. ఆ వివరం ఇచ్చినందుకు బదులుగా రోగికి ఉచితంగా మందులు అందుతాయి, పోషకాహారానికి నెలకు సాయం వస్తుంది. 2018లో 500 రూపాయలుగా మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. రోగి రహస్యం ప్రభుత్వం తీసుకుంటే, అది అతని కోలుకోవడానికి బాధ్యత తీసుకోవాలి. మిగతా అంటువ్యాధుల్లోనూ బేరం ఇలాగే ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఆంక్ష అన్యాయమనిపించినప్పుడు పౌరుడు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. ఉత్తర్వు రాతపూర్వకంగా, ఏ చట్టం కిందో చెప్పమని అడగవచ్చు. ప్రాణానికో వ్యక్తి స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే సమాచార హక్కు చట్టం 48 గంటల్లో ఇవ్వాలంటుంది. ఇది చాలామందికి తెలియని గడువు. 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. లాయరు ఖర్చు భరించలేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, విపత్తు బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సాయానికి అర్హులు.

కానీ నల్లకుంట వార్డులో జ్వరంతో పడుకున్న మనిషి హైకోర్టు దాకా వెళ్తేనే హక్కు దొరుకుతుందంటే అది అందని ద్రాక్షే. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో 1897 చట్టం ఈ కాలానికి చాలదని తేల్చింది. దాన్ని సమగ్రంగా సవరించాలనో కొత్త చట్టం తేవాలనో సూచించింది. గోప్యతకు భంగం కలగని రీతిలో నిఘా ఉండాలనీ, కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థల పనులు ముందే విభజించాలనీ చెప్పింది. రాబోయే చట్టంలో తప్పక ఉండాల్సినవి కోవిడ్ రోజులే చూపించాయి. క్వారంటైన్ ఉత్తర్వు మీద సంతకం చేసే అధికారి ఎవరో, గరిష్ఠంగా ఎన్ని రోజులో అందులో రాసి ఉండాలి. ఆ రోజుల్లో కూలి పోయినవారికి ఎంత, ఎక్కడ ఇస్తారో ఉండాలి. కాదని మొరపెట్టుకోవడానికి జిల్లా స్థాయిలోనే ఒకరుండాలి, వారు ఎన్ని గంటల్లో బదులివ్వాలో కూడా అందులోనే ఉండాలి.